సినిమా పుట్టిన ఊళ్ళో పట్టు పాఠాలు

ఫ్రెంచి భాషలో నాకు మొట్టమొదట వచ్చిన వాక్యం "సే రోఁ". అంటే ఇది గుండ్రంగా ఉంది అని. రెండోది "సే దూ". ఇది మెత్తగా ఉంది అని. ఈ రెండు ముక్కలూ పట్టుకుని ఎవరైనా ఫ్రాన్సు దేశం వెళ్తారా అని మీరు నవ్వుకోవచ్చు. ఆ రెండూ కూడా లేకుండానే వెళ్ళాను నేను! అక్కడికి వెళ్ళాకనే నేర్చుకున్నాను.

వెళ్ళిన ఊరు లియోఁ. రోన్, సోన్ అని రెండు నదులు కలిసే చోట ఉంది. సినిమా పుట్టింది అక్కడే గనక 2009 నుంచి ఏటా అక్టోబరులో లుమియేర్ సోదరుల పేరిట పెద్ద సినిమా పండుగ జరుగుతుంది. దాన్ని చూసి నాలుగు ముక్కలు రాసుకుందామని నా ఆశ. కాలేజీలో నాతో చదివిన మిత్రుడొకడు ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి హోటలు ఖర్చు తప్పింది.

బయల్దేరేముందు ధర్మవరం వెళ్ళి మా నాయనతో చెప్పాను. ఆయన నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసి, కళ్ళు మందగించాక మగ్గం దిగిన మనిషి. సినిమా పండుగ మాట ఆయన చెవిన పడలేదు.

"లియోనా? ఆ జాకార్డు పుట్టిన ఊరే కదరా?" అన్నాడు.

అవును. మా వీధిలో మగ్గాల నెత్తిన కూచుని, చిల్లులు పెట్టిన అట్టలు తిప్పుతూ అంచులో నెమళ్ళూ హంసలూ పుట్టించే ఆ యంత్రం పేరు ఓ మనిషి పేరని నాకు చాలా కాలం తెలియదు. జోసెఫ్ మరీ జాకార్డ్ 1752లో లియోఁలోనే పుట్టాడు.

"అక్కడి పట్టు ముట్టి చూసి ఎట్లుందో నాకు చెప్పు. అంతే చాలు" అన్నాడు నాయన.

చీర తెమ్మనలేదు, సెంటు సీసా తెమ్మనలేదు. ఇంత సులువైన పని ఇంకోటి లేదనుకున్నాను.

దిగిన మర్నాడే ఓ పెద్ద అంగడిలో పట్టుగుడ్డ ముట్టుకుని, బయటికొచ్చి ఫోను చేశాను.

"బాగుంది నాయనా."

"బాగుందంటే?"

"మెత్తగా ఉంది."

"మెత్తగా దూది గూడా ఉంటాదిరా. జిలుగా, ముతకా? బిరుసుగా నిలబడతాదా, జారిపోతాదా? చేతికి నిండుగా ఉందా, వట్టి గాలిగా ఉందా?"

నాకు నోట మాట రాలేదు. బి.ఏ. దాకా చదివాను, వందల సమీక్షలు రాశాను. గుడ్డ ముట్టుకుని ఏం తెలిసిందో చెప్పడానికి నా దగ్గర ఉన్నవి "బాగుంది", "మెత్తగా ఉంది" - రెండే! ఫ్రెంచి రానివాణ్ణి నేను. తెలుగూ రాదని ఆ ఫుట్‌పాత్ మీద తెలిసింది.

మిత్రుడి కూతురికి ఆరేళ్ళు. ఆ పిల్ల దగ్గర, ఊయలనాటి పుస్తకం ఒకటి అటక మీదికి పోకుండా మిగిలింది. పేజీకో బొమ్మ, బొమ్మలో ఓ ముక్క వేరే వస్తువు అతికించి ఉంటుంది. గొర్రె మీద ఉన్ని, పిల్లి నాలుక చోట గరుకు కాయితం, బాతుకి వెల్వెట్. ముట్టుకుంటూ మాట నేర్చుకోవాలన్నమాట. ఆ పిల్ల నన్ను కూచోబెట్టి పాఠం మొదలెట్టింది.

గుండ్రం - రోఁ. నలుచదరం - కారే. కోసుగా ఉన్నది - ప్వాంత్యూ. చదును - ప్లా. నునుపు - లీస్. గరుకు - ర్యూగ్యో. ఈ చివరిమాట గొంతులో పుక్కిలిస్తే తప్ప రాదు. మాట కూడా గరుకే!

సగం అక్షరాలు రాసి మింగేస్తారు వాళ్ళు. "రోఁ" చివర ఓ 'ద' ఉంటుంది, పలకరు. పక్కన ఆడమాట వచ్చిందంటే ఆ మింగిన అక్షరం మళ్ళీ పైకొస్తుంది - బల్ల గుండ్రంగా ఉంటే "రోంద్". మనకి రాయీ రప్పా గుడ్డా గోడా అన్నీ 'అది'. వాళ్ళకి గుడ్డ మగవాడు, పట్టు ఆడది.

"పట్టు దూ" అన్నాను.

"దూ కాదు మామా, దూస్!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది టీచరమ్మ.

ఈ పాఠాలు వల్లె వేస్తూ మెట్రో ఎక్కి మోఁప్లెజీర్ వెళ్ళాను. లుమియేర్ వారి ఫోటో పలకల కర్మాగారం ఉన్న పేట అది. ఆ గేటులోంచి పనివాళ్ళు బయటికి రావడాన్ని 1895 మార్చి 19న లూయీ లుమియేర్ తీశాడు. నిమిషం కూడా ఉండని ఆ బొమ్మలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ వీధికి ఇప్పుడు 'తొలి సినిమా వీధి' అని పేరు. పనివాళ్ళ వెనక కనబడే షెడ్డు ఇంకా ఉంది. దాని ముందు నిలబడితే, సినిమా రాసి పొట్టపోసుకునే నాబోటివాడికి ఒళ్ళు జలదరించింది. అదే ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపించారు. ఆర్నెల్లు దాటగానే, 1896 జూలై 7న, బొంబాయి వాట్సన్ హోటల్‌కి వచ్చేసింది!

వాళ్ళ ఇల్లే ఇప్పుడు మ్యూజియం. అందరూ కెమెరా చూస్తారు. నేను ఫిలిం అంచు చూశాను. ఎడిసన్ ఫిలింలో ఒక్కో బొమ్మకి ఒక్కో పక్కన నాలుగేసి చిల్లులు, పలకగా ఉంటాయి. లుమియేర్ ఫిలింలో పక్కకి ఒకటే చిల్లు - గుండ్రంగా. "సే రోఁ!" అన్నాను పైకే. పక్కనున్న ముసలాయన ఎంతో మర్యాదగా "వీ, మెస్యూ" అన్నాడు. ఫ్రెంచివాడితో నా మొదటి సంభాషణ అది.

ఆ చిల్లుల్లోకి రెండు గోళ్ళు దిగి, ఫిలింని ఒక బొమ్మంత కిందికి లాగి, బయటికొచ్చేస్తాయి. కుట్టుమిషను గుడ్డని జరిపే తీరు చూసి ఆలోచన వచ్చిందని లూయీయే చెప్పుకున్నాడు. ఆ గోటిని ఫ్రెంచిలో 'గ్రిఫ్' అంటారు.

అక్కడే ఆటోక్రోమ్ రంగు ఫోటోలున్నాయి. 1907లో బజారులోకి వచ్చాయి. బంగాళాదుంప పిండి రేణువులకి నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్ది గాజుపలక మీద పరిచారు. దగ్గరగా చూస్తే బొమ్మంతా సన్నటి రవ్వ. దానికి మాట 'గ్రాఁ' - గింజా అదే, తోలు మీద కనిపించే పొక్కూ అదే, ఫిలిం మీద రవ్వా అదే. మన కెమెరామెన్లు "గ్రెయిన్స్ వచ్చాయి" అని విసుక్కునేది దీని ఇంగ్లీషు కజిన్‌నే.

మర్నాడు క్రువా రూస్ గుట్ట ఎక్కాను. పట్టు నేతగాళ్ళ పేట. వాళ్ళని కాన్యూ అంటారు. ఇళ్ళకి పైకప్పు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది - మనుషుల కోసం కాదు, జాకార్డు మగ్గం పట్టాలని. ఇళ్ళ కిందుగా వీధి నుంచి వీధికి సొరంగాల్లాంటి దారులున్నాయి. కూలి చాలక ఈ నేతగాళ్ళు 1831లోనూ, 1834లోనూ తిరగబడ్డారు. పెద్ద గోడ ఒకటుంది, మెట్లూ కిటికీలూ మనుషులూ... ఎక్కబోయి ఆగాను. అంతా బొమ్మే! 1987లో వేశారట. "సే ప్లా" అనుకుని సిగ్గుపడ్డాను.

అక్కడి మ్యూజియంలో చేతిమగ్గం ఆడించి చూపించారు. ఆ చప్పుడుకి ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు "బిస్తాంక్లాక్ పాఁ". కళ్ళు మూసుకుంటే ధర్మవరం. పైన అట్టలు తిరుగుతున్నాయి. అట్టలో చిల్లున్న చోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని ఎత్తుతుంది. చిల్లు లేకపోతే దారం కిందే ఉండిపోతుంది. ఆ కొక్కేలన్నిటినీ ఒక్కసారిగా పైకి లేపే చట్రం పేరు చెప్పింది గైడమ్మ. 'గ్రిఫ్'!

అక్కడా గోరే, ఇక్కడా గోరే. అక్కడా గుండ్రటి చిల్లే, ఇక్కడా గుండ్రటి చిల్లే. ఒకటి చూసి ఇంకోటి చేశారని నేను అనను, అంత చదువు నాకు లేదు. ఒక ఊరి మనుషుల చేతికి అలవాటైన పని అంటాను.

కిందికి దిగేటప్పుడు ఓ చిన్న అంగడి కనబడింది. నడుపుతున్నావిడ పెద్దావిడ. నాకున్న మాటలన్నీ బల్లమీద పెట్టాను - లీస్, దూస్, ఫాఁ, అంటే సన్నం. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇంకో తాను తీసి నా అరచేతిలో పోసి, నా వేళ్ళు మూసింది. గుడ్డ ముద్దకట్టలేదు, జారిపోనూ లేదు. అరచేయి నిండింది. "ఇల్ ఆ ద్ లా మాఁ" అంది. దీనికి చెయ్యి ఉంది అని. గుడ్డ చేతికి తెలిసే తీరుకి వాళ్ళ మాట అదే - చెయ్యి.

అంగడి గుమ్మంలోంచే ఫోను చేశాను.

"నాయనా, చేతికి నిండుగా ఉంది. జిలుగే, కానీ గాలిగా లేదు. బిరుసు లేదు, జారదు."

అవతల కాసేపు ఏం లేదు. తర్వాత, "ఆఁ... ఇప్పుడు చెప్పినావు" అన్నాడు. నా రాతలు అచ్చయినప్పుడు కూడా ఆయన అంత మాట అనలేదు. వెంటనే, "ఎనకవైపు తిప్పి చూసినావా? దారాలు తేలినాయా, కట్టినారా?" అన్నాడు.

చూడలేదు. అప్పటికే ఆవిడ తలుపు వేసుకుంటోంది.

ఆ రాత్రి టీచరమ్మని అడిగాను. గుడ్డకి వెనకవైపు 'ఆఁవేర్' అట. మంచి వైపు 'ఆఁద్రువా'. చోటు అన్నా అదే మాటట. రెండూ వల్లె వేసుకుంటూ పొద్దున్నే మళ్ళీ గుట్ట ఎక్కాను. ఆవేళ సోమవారం. అంగడి మూసి ఉంది. మధ్యాహ్నానికి నా బండి. అద్దాలకి ముక్కు ఆనించి చూశాను. తాను అక్కడే ఉంది, మంచి వైపు నాకేసి పెట్టి.