శివపురి నుండి ఋషీకేశమునకు గంగమీద

ఋషీకేశము పోయిన మనవారు స్నానము చేసి, చెంబులో గంగ పట్టుకొని తిరిగి వత్తురు. ఆ గంగ నడకను కూడ చూడవలెనని కిందటి ఫాల్గుణములో మేము బెంగుళూరు నుండి బయలుదేరినాము. గంగమ్మతో ఆటలేమని ఇంట పెద్దలు కోప్పడినారు.

ఋషీకేశమునకు ఎగువన సుమారు 16 కిలోమీటర్లలో శివపురి. అక్కడ గాలి నింపిన రబ్బరు పడవ ఎక్కి నదిమీదనే ఊరు చేరవచ్చును. దేవప్రయాగలో భాగీరథీ అలకనందలు కలిసినచోటి నుండి ఈ నదికి గంగయని పేరు. కొండల నడుమ ఇరుకై, అడుగున బండలు అడ్డుపడి, వాలు హెచ్చినచోట నీరు తెల్లగా పొంగి లేచును. అట్టి చోట్లకు 'రోలర్ కోస్టర్', 'గోల్ఫ్ కోర్స్' అని పేర్లు. వాని జోరును 1 మొదలు 6 వరకు తరగతులుగా లెక్కింతురు; ఆరవది మిక్కిలి ప్రమాదకరము. జూలై, ఆగస్టు వరదలలో పడవలు విడువరు.

పడవ బోర్లపడకుండుట కండబలము వల్ల గాదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మేము, వెనుక కూర్చున్న గైడు 'ఫార్వర్డ్' అన్న ఒక్క మాటకు అందరమును కలిసి తెడ్లు వేసినాము. ఒకరు భయపడి తెడ్డు ఎత్తినను పడవ అడ్డము తిరుగును; అడ్డము తిరిగినదానిని అల బోర్లవేయును. నీటిలో పడినచో వెల్లకిల తేలి, పాదములు దిగువకు చాపవలెను. నిలువబోయినచో కాలు బండల సందున చిక్కును.

లైఫ్ జాకెట్టు, హెల్మెట్టు బిగించుకొనక ఎవరును ఎక్కరాదు. తేలికచోట్ల ఈతరానివారిని కూడ ఎక్కింతురు. మాట విననివారు మాత్రము ఒడ్డుననే యుండుట మేలు.