దుందుభి వెంట దుర్గసేనలు

మహబూబ్‌నగర్ ఎత్తునేలల్లో వాగుగా మొదలై జడ్చర్ల, మిడ్జిల్ మీదుగా కల్వకుర్తి ప్రాంతానికి చేరే దుందుభికి దిగువన డిండి అన్న పేరే వాడుక. నీటికంటె ఇసుకే ఎక్కువగా కనిపించే ఈ నదికి ఎగువన, పడమటగా ఉన్న కోయిల్‌కొండ కోటలో 1550లో నాయక్వాడీలు, అంటే దుర్గాలను కాచే తెలుగు సైనికులు, గోల్కొండ సింహాసనాన్ని కోరిన ఇబ్రహీం కుతుబ్‌షా పక్షం వహించారు. గోల్కొండలో వారి నాయకుడు జగదేవరావు కూడా అతనికే అండగా నిలవడంతో సింహాసనం అతని వశమైంది.

జయించబడిన జాతుల సైనికులు రాజులను నిలబెట్టే స్థాయికి చేరడం మంగోలు సామ్రాజ్యంలోనూ జరిగింది. నల్లసముద్రానికి ఉత్తరాన పచ్చికబయళ్లలో పశువులు మేపుకొనే తురుష్క భాషీయులైన కిప్చాకులను 1236 తరువాత మంగోలు రాకుమారుడు బతూ సేనలు లోబరచుకోగా, వారిలో కొందరు చైనాలో మంగోలు చక్రవర్తి కుబ్లయ్ అంగరక్షక దళమయ్యారు. ఆ దళాన్ని నడిపిన వంశంలోని ఎల్ తెమూర్ 1328లో తనకు నచ్చిన రాజకుమారుణ్ణి చక్రవర్తిని చేశాడు. ఈజిప్టుకు బానిసలుగా అమ్ముడుపోయినవారు మమ్లూకులు, అంటే కొని తెచ్చి తర్ఫీదిచ్చిన సైనికులు. వారిలో ఒకడైన బైబర్స్ 1260లో ఐన్ జాలూత్ వద్ద మంగోలులను ఓడించిన సేనలో ముఖ్యుడై, ఆ ఏడే సుల్తానయ్యాడు. వోల్గా తీరంలోనైతే గెలిచిన మంగోలులే క్రమంగా కిప్చాకుల భాషకు మళ్లారు. ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించినా గోల్కొండలో మార్పు అంత దూరం పోలేదు.

డిండి జలాశయం దాటిన నదికి ఉత్తరాన ఉన్న దేవరకొండ వద్ద ఈ పోలిక కొంత తడబడుతుంది. కాకతీయ సేనానుల వంశమైన రేచర్ల పద్మనాయకులు 1323లో ఓరుగల్లు పడిన తరువాత రాచకొండ, దేవరకొండ కేంద్రాలుగా స్వతంత్రించి, ఒకప్పుడు బహమనీలతో చెలిమి చేసి, మరొకప్పుడు ఎదిరించారు. 1459లో బహమనీ సుల్తాను హుమాయూన్ షా పంపిన ఖ్వాజా జహాన్ తుర్క్ దేవరకొండ కోటను ముట్టడించగా, ఒడిశా గజపతుల సాయంతో ఆ సేనను చెదరగొట్టారు. బయలును కోల్పోయిన కిప్చాకుకు కత్తి ఒక్కటే ఆస్తి. పద్మనాయకునికి కోట, దాని కింద చెరువు, చెరువు కింద మాగాణి ఉన్నాయి. తరువాత దేవరకొండను గెలిచిన ఇబ్రహీం తండ్రి సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చిన తుర్క్‌మాన్ (కిప్చాకు కాదు, వేరే తురుష్క శాఖ). కోటలు అతని వంశానికి దక్కినా, వాటిని కాచే పని మాత్రం కృష్ణలో డిండి కలిసే దాకా ఉన్న ఈ సీమలో తెలుగు నాయక్వాడీలదిగానే సాగింది.