పళ్ళు కలిశాయా?

మన తెలుగువాళ్ళకు కోపం వస్తే ముందుగా గుర్తుకొచ్చేది ఎదుటివాడి దవడ. "దవడ పగలగొడతాను" అనేవాడొకడు, "పళ్ళు రాలగొడతాను" అనేవాడొకడు. అన్నంత మాత్రాన ఎవరి దవడా పగలదు గనుక ఆ మాటంటే ఎవరికీ భయంలేదు. నిజంగా పగిలినప్పుడు కూడా, "మూతి వాచింది, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది" అని ఊరుకుంటాం. చేయి విరిగితే వేలాడుతుంది. కాలు విరిగితే నిలబడనివ్వదు. దవడ విరిగినవాడు మాత్రం నడుచుకుంటూ ఇంటికి వస్తాడు. చిక్కంతా అక్కడే ఉంది.

మా బావగారు అలాగే వచ్చారు. రెండేళ్ళ క్రితం సంక్రాంతి ముందు తెనాలి నుంచి స్కూటరు మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చిందట. గేదె తన దారిన తను పోయింది. బావగారు గడ్డం తగిలేట్టు రోడ్డు మీద పడ్డారు. హెల్మెట్టు పెట్టుకున్నారు గాని, అది నెత్తిని మాత్రం కప్పే సగం టోపీ. గడ్డం కింద కాస్త చీరుకుపోయింది, చెంప వాచింది, స్పృహ తప్పలేదు. లేచి స్కూటరు తోసుకుంటూ ఇంటికి వచ్చి, అక్కయ్యను కాఫీ అడిగారు.

ఇంటినిండా పండక్కి వచ్చిన చుట్టాలు. ఒకరు పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయమన్నారు. ఒకరు ఆముదం రాసి గట్టిగా తోమమన్నారు. మా పెద్దమ్మ పుత్తూరు కట్టు కట్టించుకు రమ్మన్నది. పుత్తూరు పేరు తెలియని తెలుగిల్లు లేదు గనుక ఆవిడను అనవలసిందేమీ లేదు. కాని చేతికైతే ఇటొక బద్దా అటొక బద్దా పెట్టి కట్టవచ్చు. దవడకు బద్దలు ఎక్కడ పెడతారు?

ఆ సందడిలో పనికివచ్చే మాట అన్నది బావగారే. కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఏమోయ్, నా పళ్ళు నావి కానట్టున్నాయి. పైవీ కిందివీ కలవడం లేదు" అన్నారు. కాఫీ గడ్డం మీదికి కారుతున్నది. కింది పెదవి మొద్దుబారి ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. వెంటనే ఆటో పిలిచాం.

ఆస్పత్రిలో ముఖానికీ దవడలకూ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ, వాపు వంక చూడకుండా ముందు అదే అడిగింది: "పళ్ళు కలిశాయా అండీ?" ఆవిడ చెప్పిన సంగతులు నాకు బాగా గుర్తుండిపోయాయి. ఏళ్ళ తరబడి ఒకదానిమీద ఒకటి కూర్చున్న పళ్ళు వెంట్రుకవాసి తప్పినా ఆ నోటికి తెలుస్తుందట. దెబ్బ తగిలినవాడు తన పళ్ళు కలవడం లేదంటే దవడ విరిగిందేమోనని అనుమానించవలసిందే. పెదవీ గడ్డమూ మొద్దుబారడం, నోరు తెరవలేకపోవడం, తెరిస్తే గడ్డం ఒకవైపుకు పోవడం, పలువరసలో కొత్త సందో మెట్టో కనిపించడం, నాలుక కింద రక్తం కమలడం, చెవి ముందు నొప్పి, ఇవన్నీ తక్కిన గుర్తులు.

ఎక్స్‌రేలో రెండు విరుగుళ్ళు కనిపించాయి. ఒకటి గడ్డం దగ్గర, రెండవది కుడి చెవి ముందు కీలు దగ్గర. దెబ్బ ఒకచోట తగిలితే విరుగుడు రెండుచోట్ల ఏమిటని అడిగాను. "గాజు ఎప్పుడైనా ఒక్కచోట విరగడం చూశారా?" అన్నదావిడ. దవడ కూడా అలాంటి వంపు ఎముకే. అందుకే ఒక విరుగుడు కనిపిస్తే రెండోదానికోసం వెతకాలి.

కాఫీ సంగతి విని అక్కయ్యను కోప్పడింది. మత్తు ఇవ్వవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి గదా! ఇంటి దగ్గర చేయవలసింది తక్కువే. మనిషిని ముందుకు వంచి కూర్చోబెట్టి, రక్తమూ ఉమ్మీ బయటికి పోనివ్వాలి. స్పృహలో లేనివాణ్ణి వెల్లకిలా ఉంచితే ఊపిరాడదు. మెడ మెలిపడకుండా పక్కకు తిప్పాలి. గుడ్డలో మంచుముక్కలు చుట్టి వాపు మీద పెట్టవచ్చు. తోమకూడదు. పెద్దవాళ్ళకైనా పిల్లలకైనా ఊడిన శాశ్వతదంతాన్ని వేరు ముట్టుకోకుండా పాలలో వేసి తీసుకుపోవాలి. పళ్ళున్న చోట ఎముక విరిగితే చిగురు చీలి, నోట్లోని మురికి ఎముకకు తగులుతుంది. అందువల్ల ఆలస్యమైతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇంతకూ దవడకు బద్దలు ఎక్కడ అన్నాను గదా! పళ్ళే బద్దలు. క్రీస్తుకు పూర్వం సుమారు 1600 నాటి ఈజిప్టు వైద్యగ్రంథం, దవడ విరిగి పైన గాయమై జ్వరం వచ్చినవాణ్ణి ఆశ వదులుకోవలసినవాళ్ళలో చేర్చింది. తరవాత గ్రీకు హిపోక్రటీసు సంప్రదాయంవారు విరుగుడు పక్క పళ్ళను బంగారు తీగతో కట్టమన్నారు. 1887లో అమెరికాలో గిల్మర్ అనే వైద్యుడు కింది పళ్ళను పై పళ్ళకే తీగలతో బిగించి, పై దవడనే కింది దవడకు బద్దగా వాడుకున్నాడు. అలా నాలుగు నుంచి ఆరు వారాలు నోరు కట్టి ఉంచేవారు. కొందరికి ఈనాటికీ అదే మార్గం. 1970లలో ఫ్రాన్సు వైద్యులు చిన్న రేకులతో ఎముకను బిగించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాక చాలామందికి ఆ బాధ తగ్గింది.

బావగారికి రెండూ చేశారు. పెదవి లోపలినుంచి కోసి, గడ్డం దగ్గర టైటానియం రేకులు మరలతో బిగించారు. చెవి దగ్గర కోయలేదు. పళ్ళకు తీగలు చుట్టి, రబ్బరుబద్దలతో రెండు వారాలు నోరు మూయించారు. వాంతి వస్తే వెంటనే కత్తిరించడానికి ఒక చిన్న కత్తెర ఇచ్చారు. అక్కయ్య దాన్ని రాత్రింబగళ్ళు కొంగున ముడివేసుకు తిరిగింది. రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, ఇవే ఆయన పండగ భోజనం. అరిసెల పళ్ళెం వంక ఆయన చూసిన చూపు చూడలేక అక్కయ్య దాన్ని పెరట్లోకి పంపించింది. రబ్బర్లు విప్పాక రోజూ నోరు తెరిచే కసరత్తు. ఇప్పుడు జంతికలు కూడా నములుతున్నారు.

తప్పించుకునే ఉపాయాలు అందరికీ తెలిసినవే. గడ్డాన్ని కూడా కప్పే నిండు హెల్మెట్టు, దాని పట్టీ బిగించడం, కారులో బెల్టు, తాగి బండెక్కకపోవడం. 2021 జూన్ నుంచి మన దేశంలో ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్టు అమ్మడమే నేరం. గుర్తు ఉన్నదాన్ని కొని అద్దానికి తగిలిస్తే మాత్రం అద్దానికే రక్షణ.

ఆ ఆస్పత్రి వరండాలోనే, మాకెదురుగా పన్నెండేళ్ళ పిల్ల కూర్చుని ఉండేది. నోట్లో చిటికెనవేలు కూడా దూరదు. గడ్డం ఎదగక లోపలికి పోయింది. నాలుగో ఏట మెట్ల మీద బోర్లా పడితే గడ్డానికి కుట్లు వేశారట. చెవి దగ్గరి కీలును ఎవరూ చూడలేదు. విరిగిన కీలు మెల్లగా పుర్రెకు అతుక్కుపోయింది. అన్నం పలచగా పిసికి, పళ్ళ సందులోంచి తోస్తే తినేది. ఆ పిల్లకు పెద్ద ఆపరేషనే చేయాలన్నారు.

చిన్నపిల్లల్లో ఈ విరుగుళ్ళు చాలావరకు కోత లేకుండానే నయమవుతాయట. కాని సకాలంలో కనిపెట్టాలి, నోరు ఆడిస్తూ ఉండాలి, ఎదిగే వయసంతా డాక్టరుకు చూపిస్తూ ఉండాలి. కనుక మీ పిల్లవాడు గడ్డం పగలగొట్టుకుని ఏడుస్తూ వస్తే కుట్లతో సరిపెట్టకండి. నోరు పూర్తిగా తెరవమనండి, గడ్డం పక్కకు పోతున్నదేమో చూడండి, చెవి ముందు నొప్పి ఉన్నదేమో అడగండి. ఆ తరవాత, "పళ్ళు కలిశాయా నాన్నా?" అని అడగండి. వాడు అడ్డంగా తల ఊపితే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపొండి.