బోలీ ఎవరిది, సరుకు ఎవరిది?

మా అనంతపురంలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొంచెం వానకే మా అబ్బా శెనక్కాయ వేసేవాడు. పంట చేతికొచ్చిన ఏడాది ఊళ్లోకి వచ్చే సేటు ఒక్కడే. ఆయన చెప్పిందే రేటు. ఉర్దూ మీడియం బడిలో 'నీలామ్' అనే మాట నేర్చుకున్నాను గానీ, మా బస్తాలకు నీలామ్ జరగడం ఎన్నడూ చూడలేదు.

నలభై దాటాక ఆ మాట మళ్లీ తగిలింది. నేను నడిపే చిన్న వార్తల సైటుకు ప్రకటనల ఆమ్దనీ సర్వర్ కిరాయికి కూడా చాలడం లేదు. బెంగళూరులో ఉండే మా ఆపా కొడుకు "మామూ, ప్రిబిడ్ పెడదాం" అన్నాడు. 2015లో యాప్‌నెక్సస్ బయటపెట్టిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ చదువుకోవచ్చు.

పాత పద్ధతిలో ఒక గాహక్ వద్దంటేనే ఇంకొకరి దగ్గరికి పోవాలి. ప్రిబిడ్ అందర్నీ ఒకేసారి పిలుస్తుంది. చదివేవాళ్ల బ్రౌజర్‌లోనే బోలీలు నడుస్తాయి. గడువు దాటితే ఎవరి కోసమూ ఆగదు. గెలిచిన ధర యాడ్ సర్వర్‌కు చేరుతుంది. కొనేవాళ్లకు తలా ఒక అడాప్టర్. అన్నీ కలిపితే ఫైలు బరువెక్కుతుంది, మా పల్లెల్లో నెట్ అంతంతమాత్రం. అందుకే నాలుగే తీసుకుని, గడువు ఒక్క సెకను పెట్టాం.

అబ్బాకు దక్కని ఇన్సాఫ్ నాకు దక్కిందని ఖుష్ అయ్యాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అబ్బా అమ్మింది తన మెహనత్. నేను నీలామ్‌కు పెట్టిందేమిటి? వాన కబురు కోసం పేజీ తెరిచిన రైతు చూపు! అతనిది ఏ ఊరు, ఏ ఫోను, ఏం చదువుతున్నాడు అనే సంగతులు బోలీ గెలిచినవాడికే కాదు, ఓడినవాళ్లకూ చేరతాయి.

పొద్దున్నే ఫోన్ చేశాను. "బేటా, ఇది మన సరుకు కాదు, అమానత్."

యూజర్ సింక్ ఆపేశాం. పందేల, అప్పుల యాప్‌ల ప్రకటనలు వద్దని కేటగిరీలు రాసి పెట్టాం. "రేటు పడిపోతుంది మామూ" అన్నాడు. పడింది. సర్వర్ కిరాయి వెళ్తోంది, చాయ్ ఖర్చు మిగలడం లేదు.

వద్దని చెప్పడం వరకే మన చేతిలో ఉంది, వినడం కొనేవాళ్ల చేతిలో ఉంది. అలాంటి ప్రకటన మీ కంట పడితే నాకు చెప్పండి. ఆ గాహక్‌ను తీసేస్తాను. కరువు చూసిన ఇల్లు మాది, తక్కువలో గడపడం తెలుసు.