నక్షత్రము దేనికి?

సోదరుడా, ఉయ్యూరు చెరకు చేలను విడిచి సిపాయివైతివి. ఇప్పుడు అధికారి కాగోరుచున్నావు. మంచిదే, త్రోవయు కలదు. ఇంటరు చదివి, రెండేండ్లు కొలువు చేసి, 27 ఏండ్లు దాటని సిపాయి డెహ్రాడూన్‌లోని ఆర్మీ కేడెట్ కాలేజీకి పరీక్ష వ్రాయవచ్చును. అచ్చట మూడేండ్ల చదువు, పిమ్మట మిలిటరీ అకాడమీలో ఒక యేడు శిక్షణ. ఉద్యోగము విడువని పట్టభద్రునికైతే 1949లో ప్రారంభమైన టెరిటోరియల్ ఆర్మీలో 42 ఏండ్ల వరకు అవకాశమున్నది.

అయితే నేను నిన్నొకటి అడిగెదను: భుజముమీద నక్షత్రము దేనికి? సలాములు అందుకొనుటకా? 1932లో ఆ అకాడమీ ప్రారంభమున సర్వసేనాని చెట్‌వుడ్ చెప్పిన వరుసను తలంచుము: ముందు దేశము, పిమ్మట నీ క్రింది సిపాయిలు, కడపట నీ సుఖము. నిన్నటివరకు వరుసలో నిలిచి చలికి వణకినవాడవు నీవే గదా! ఆ చలిని మరువనివాడవైతే దరఖాస్తు వ్రాయుము. మరచువాడవైతే, సిపాయిగా నుండుటయే మేలు.