సలహా కూడ అమానతే

సలహా అడిగినవాడు తన ధనాన్నీ, నమ్మకాన్నీ మన చేతిలో పెడుతున్నాడని, అందుచేత సలహా కూడ అమానతేనని మా ఇంటి పెద్దలు చెబుతుండేవారు. ఆ మాట బరువెంతో ఖిల్లా ఘణపూర్‌లో మా తమ్ముని చిన్న దుకాణంలో గడిపిన ఒక సెలవునాడు నాకు తెలిసివచ్చింది.

తమ్ముడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆనాడు ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు తమ పాత కంప్యూటరును ఆటోలో తెచ్చి బల్లపై దింపించారు. "బేటా, ఇది పనిచేయడం లేదు. ఎంతైనా సరే, బాగుచెయ్యి" అన్నారు. 'ఎంతైనా సరే' అన్న మాట వ్యాపారికి ఎంతటి ప్రలోభమో వేరుగా చెప్పనక్కరలేదు.

తమ్ముడు మూత తీసి దుమ్ము తుడిచాడు. వేరొక పవర్ సప్లై తగిలించి చూచాడు, చలనం లేదు. మదర్‌బోర్డుపై కెపాసిటర్లు కొన్ని ఉబ్బి ఉన్నాయి. మెమరీ డీడీఆర్2 రకం. ఆ తరపు బోర్డు కావాలంటే పాత సామానులో వెతకవలసిందే. దొరికినదొకటి బిగించి మూడు వేలు తీసుకొన్నా అడిగేవారు లేరు. కాని అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరు చెప్పగలరు?

"చాచా, దీనిపై పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. వద్దు" అన్నాడు తమ్ముడు.

ఆయన ముఖం చిన్నబోయింది. "అయితే నా రాతలన్నీ పోయినట్లేనా?" అన్నారు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. పన్నెండేళ్లుగా తాము వ్రాసిన గజళ్లు, ఊరి వృద్ధుల నోట విన్న ముచ్చట్లు ఆయన ఇన్‌పేజ్‌లో టైపు చేసి అందులోనే దాచుకొన్నారు. మరొక ప్రతి లేదు. బాగుచేయమన్నది యంత్రాన్నే అయినా, ఆయనకు కావలసినవి ఆ రాతలు.

తమ్ముడు హార్డ్ డిస్కును విప్పి, అడాప్టరు ద్వారా తన కంప్యూటరుకు కలిపాడు. ముగ్గురమూ ఊపిరి బిగబట్టి చూచాము. ఫైళ్లు కనిపించాయి! 1994లో వెలువడిన ఇన్‌పేజ్, కాతిబులు చేతితో వ్రాసే నస్తాలీఖ్ లిపిని కంప్యూటరుపై సులభసాధ్యం చేసింది. అయితే దాని పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. అందుచేత వాటిని యూనికోడ్‌లోకి మార్చి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి ఇచ్చాడు. పాత అను లిపులలో తెలుగు టైపు చేసి దాచుకొన్నవారికీ ఇదే మార్గం.

అంతమాత్రాన పాతదంతా పారవేయదగినదని అనుకోరాదు. ఆ వారమే ఒక విద్యార్థిని తన ల్యాప్‌టాప్ తెచ్చింది. బోర్డు, తెర బాగున్నాయి. మందకొడితనమే దాని జబ్బు. హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ, మరికొంత మెమరీ వేస్తే చాలునన్నాడు తమ్ముడు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 ఆ యంత్రంలో లేదు. కనుక ఉచితంగా లభించే లినక్స్ వేసి ఇచ్చాడు. బాగుచేయడానికయ్యే ఖర్చు, అటువంటిదే పనిచేసే పాత యంత్రం ధరలో సగాన్ని మించితే ఆగిపొమ్మనడం అతని నియమం.

కాకతీయుల నాటి మా గణపసముద్రాన్ని ఎరిగినవారికి ఈ వివేకం కొత్తది కాదు. కట్ట గట్టిగా ఉంటే పూడిక తీస్తాము, తూము బాగుచేస్తాము. కట్టే నిలవనప్పుడు పూడిక తీసి ఏమి ప్రయోజనం?

ఆనాడు తమ్ముడు ఆ పెద్దాయన వద్ద తన శ్రమకు రెండు వందలు మాత్రమే తీసుకొన్నాడు. మూడు వేలు వచ్చే చోట రెండు వందలతో సరిపెట్టుకొనడానికి ఎంత నిగ్రహం కావాలో, దుకాణం అద్దె ఎంతో తెలిసిన నాకు అర్థమైంది.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు వైద్యులు, కొందరు న్యాయవాదులు, కొందరు మెకానిక్కులు కావచ్చు. మీ వద్దకు వచ్చినవారు తమకు తెలిసిన మాటలలోనే అడుగుతారు. వారికి నిజంగా కావలసినదేమిటో విచారించి, ఆ తరువాతనే బదులు చెప్పండి.