పిల్లనిచ్చు ఊరు - పోర్టుబ్లెయిరు

పిల్లనిచ్చు ముందు ఇల్లు చూడవలెననియు, ఇల్లు చూడబోయినవారు నూయి కూడ చూచి రావలెననియు మా అత్తగారు తఱచు చెప్పుచుండెడివారు. ఆ మాటయే మమ్ము సముద్రము దాటించునని ఆమెయు అనుకొనలేదు, మేమును అనుకొనలేదు.

మాది చోడవరమునకు చేరువనున్న కె.కోటపాడు. అప్పటికి అది విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. చెఱకు, బెల్లము, వరి, పశువులు - ఇవియే మా లోకము. అట్టి మా యింటికి 2018 చివర ఒక సంబంధము వచ్చినది. పిల్లవాడు చదువుకొన్నవాడు, ప్రభుత్వోద్యోగి, కుటుంబము మావంటిదే, జాతకములును కుదిరినవి. అయితే వారి కాపురము పోర్టుబ్లెయిరులో! పిల్లవాని తాతగారు శ్రీకాకుళము జిల్లానుండి తాపీపనికై ఆ ద్వీపమునకు పోయి అక్కడనే నిలిచిపోయిరట.

ఆ పేరు వినగానే మా అత్తగారు పీటమీదినుండి లేచిరి. "నేరాలు సేసినోళ్లని తోలే చోటుకి మన పిల్లని తోలుతారేటి?" అనిరి. ఆమె చిన్ననాట అల్లరి పిల్లలను బెదరించుటకు "అండమాను పంపేస్తాను" అనెడి మాట ఒకటి వాడుకలో నుండెనట. మా అమ్మాయి మాత్రము నెమ్మదిగా, "మీరు చూచి రండి, అటుపిమ్మట నా మాట చెప్పెదను" అన్నది. ఈ కాలపు పిల్లలు మనకంటె నిబ్బరము గలవారు.

విళంబి సంవత్సరము మాఘమాసమున, అనగా 2019 ఫిబ్రవరిలో, మావారు, అత్తగారు, మేము, మొత్తము ముగ్గురము బయలుదేరితిమి. విమానములో పోవుదమని మావారనగా అత్తగారు ఒప్పుకొనలేదు. "పిల్ల పురిటికి ఏ దారంట వస్తాదో ఆ దారే నేను సూడాల" అనిరి. ఆ దినములలో విశాఖ రేవునుండి నెలకొక్కమాఱు ఓడ పోవుచుండెను. అనకాపల్లి బెల్లము రెండు దిమ్మలు, మాడుగుల హల్వా ఒక డబ్బా, నిమ్మకాయ ఊరగాయ కట్టుకొని ఓడ యెక్కితిమి.

సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. రెండున్నర దినముల ప్రయాణము. మొదటి రాత్రి మేము తల యెత్తలేదు. నిమ్మకాయ ఊరగాయ లేకున్న ఏమగుదుమో! అత్తగారికి మాత్రము ఏమియు కాలేదు. ఆమె తెల్లవాఱగనే క్రింది అంతస్తునకు పోయి అక్కడి స్త్రీలతో చుట్టఱికములు కలుపుకొనిరి. వారిలో సగము మంది శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములవారే. చంక బిడ్డలు, ఎండుమిరప బస్తాలు, చింతపండు, ఆవకాయ జాడీలు! ద్వీపములో బియ్యము మొదలు సబ్బు వఱకు చాల వస్తువులు ఓడమీదనే రావలెను గనుక, పుట్టింటినుండి పోవు ఆడపిల్ల ఉత్తచేతులతో పోదట. మూడవ దినమున నీరు నల్లని నీలిరంగు తిరిగినది. చిన్న చేపలు గుంపుగా లేచి కొంత దూరము ఎగిరి మరల మునుగుచుండెను. ఆ దృశ్యమును వర్ణించు శక్తి మాకు లేదు.

హాడో రేవున దిగునప్పటికి మా కన్నులకు ముందు కనబడినది పచ్చదనము. కొండలు, వానిమీద కొబ్బరి, పోక చెట్లు, నడుమ రేకుల కప్పుల యిండ్లు. చదునైన వీధి అరుదు. ఎక్కుటయో దిగుటయో తప్ప నడక లేదు. అబర్డీన్ బజారులో గడియారపు స్తంభము వద్ద నిలుచుండగా బెంగాలీ, హిందీ, తమిళము, వాని నడుమ మన యాసతో తెలుగు వినవచ్చినది. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపములన్నిటి జనము 3,80,581 కాగా, నూటికి 13 మంది తెలుగు మాటాడువారని తేలినది. తెలుగున చదువు చెప్పు ప్రభుత్వ పాఠశాల కూడ ఉన్నదని విని మావారు సంతోషించిరి. ఆంగ్లేయుల నౌకాధికారి బ్లెయిరు 1789లో ఇక్కడ మొదటి నివాసము నెలకొల్పెను గనుక ఊరికి ఆ పేరు వచ్చినది. రోగములవలన 1796లో దానిని విడిచిపెట్టి, సిపాయిల తిరుగుబాటు పిమ్మట 1858లో ఖైదీల నివాసముగ మరల తెఱచిరి. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము ఈ రాజధానికి శ్రీ విజయపురమని పేరు మార్చినది. మా యింట ఇంకను పాత పేరే నడచుచున్నది.

పిల్లవాని యిల్లు కొండవాలున నున్నది. కాఫీ త్రాగుటకు మునుపే అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "నుయ్యేదమ్మా?" అని.

పిల్లవాని తల్లి నవ్వి మమ్ము పెరటిలోనికి తీసికొనిపోయెను. అక్కడ నూయి లేదు. వరుసగా నీలి డ్రమ్ములు, కప్పునుండి వాననీరు దింపు గొట్టము, ఒక సిమెంటు తొట్టి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు ఊరట. అయినను కొండ నేల గనుక ఆ నీరు నిలువక సముద్రములోనికి జాఱిపోవును. ఊరికి త్రాగునీరు ముఖ్యముగ ధనిఖారి ఆనకట్టనుండి వచ్చును. ఎండకాలము ముదిరినకొలది కుళాయి దినము విడిచి దినము, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఆలస్యముగ వచ్చునట. ఆమె ఆ మాటలు దాచలేదు. అన్నము కడిగిన నీరు మొక్కలకు, బట్టలు జాడించిన నీరు నేల కడుగుటకు - ఇంటిలో నీటికి ఎంత లెక్కయున్నదో ఆ నాలుగు దినములలో చూచితిమి. సాయంకాలము అయిదున్నరకే సూర్యుడస్తమించుట మాకు వింతగ నుండెను. గడియారము మన దేశపుదే, ప్రొద్దు మాత్రము తూర్పుదేశపుది. దీపము పెట్టు వేళ అక్కడ ముందుగనే వచ్చును.

మఱునాడు కారాగారము చూడబోయితిమి. రానని మొండికెత్తిన అత్తగారు తుదకు వచ్చిరి. 1896లో కట్ట నారంభించి 1906లో పూర్తిచేసిన కట్టడము. నడిమి బురుజు చుట్టును ఏడు వరుసలుండగా మూడు మాత్రమే నిలిచియున్నవి. ఒక వరుస గదుల తలుపులు ఎదుటి వరుస వెనుక గోడను చూచుచుండును. ఒక ఖైదీ ముఖము మఱియొక ఖైదీకి కనబడరాదని అట్లు కట్టిరట. తలుపు గడియను కటకటాలకు దూరముగ గోడలోనికి పొదిగిరి. లోపలివాని చేయి దానికి అందదు. అత్తగారు ఒక గదిలోనికి పోయి, చేయి చాచి, అందదని తెలిసికొని, బయటకు వచ్చిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష ననుభవించి వచ్చి 1952లో మన విశాఖనుండి లోకసభకు ఎన్నికయ్యెనని మావారు చెప్పగా, "అయితే నేరం సేసినోళ్లు కారన్నమాట" అని ఆమె పలికిరి. తిరుగు త్రోవలో ఇంకేమియు మాటాడలేదు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట పిల్లవాని తల్లి మా చెంత కూర్చుండి, అడుగకయే తన సంగతి చెప్పినది. ఆమె పలాస ప్రాంతపు ఆడపడుచు. 1988లో పెండ్లియై ఓడలో వచ్చినది. 1994లో ఆమె తండ్రి పోయినట్లు తంతి వచ్చినది. విమానపు ఖర్చునకు వారికి శక్తి లేదు. రాబోవు ఓడకు పదునొకండు దినములు వ్యవధి. ఎవరికి చెప్పుకొనుటకును తోచక ఒంటరిగ సముద్రపుటొడ్డునకు పోయి, మన దేశమే దిక్కుననున్నదో తెలియక ఒక జాలరినడిగి, అతడు చూపిన వాయవ్య దిక్కునకు తిరిగి తలమునుక స్నానము చేసి వచ్చినదట.

"వదినా, ఇప్పుడు విమానాలున్నాయి, ఫోన్లున్నాయి. 2004లో సునామీ నాడు కొండమీద ఇల్లు కాబట్టి బతికాం. అన్నీ బాగానే ఉంటాయి. కాని దారి మూసుకుపోయే రోజు ఒకటి వస్తాది. ఆ రోజు మీ పిల్ల నన్ను తిట్టకూడదు. అందుకే ముందే చెప్తున్నాను" అనెను.

సంబంధము కోరిన తల్లి ఇట్లు మాటాడుట మేమెన్నడు వినలేదు. మాకు నిద్ర పట్టలేదు. తెల్లవాఱుజామున చూడగా అత్తగారు మేలుకొనియే యుండిరి. బెల్లపు దిమ్మలు రెండును వారికే యిచ్చివేయుమని చెప్పిరి; అంతవఱకు ఒకటి తిరిగి తీసికొనిపోవలెనని ఆమె తలంపు.

తిరుగు ప్రయాణమునకు ఆమెయే విమానము కోరిరి. రెండు గంటలలో చెన్నపట్టణములో దిగితిమి. నీటి సంగతి, తంతి సంగతి, అన్నియు విన్నవి విన్నట్లు అమ్మాయికి చెప్పితిమి. అది రెండు దినములు ఆలోచించుకొని సరేనన్నది. వికారి వైశాఖమున పెండ్లి జరిగినది.

2020లో ఉగాదినాడే దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. ఆ చైత్ర బహుళమున మా అత్తగారు నిద్రలోనే పోయిరి. విమానములు లేవు, ఓడలు లేవు. అమ్మాయి సెల్ఫోనులో ముఖము చూచి ఏడ్చినది. సముద్రపుటొడ్డునకు పోవుటకైనను వీలు లేదు.

వియ్యపురాలు దానిని పెరటిలో వాయవ్యమునకు త్రిప్పి కూర్చుండబెట్టి, తానే తలమీద నీళ్లు పోసినదట. ఒక డ్రమ్ము నిండ పోసినదట. ఆనాడు కుళాయి వచ్చు దినము కాదని అమ్మాయి తరువాత మాకు చెప్పినది.